పైచుట్టు

ఏప్రిల్ 3, శుక్రవారం

ఈ పుస్తకం గుడిలో పంచిపెట్టారు. అట్ట మీద సముద్రం మీద వెళ్ళేవాళ్ళని కాచే మాజు తల్లి బొమ్మ, వెనక సముద్రం. ఆ అమ్మ పేరు ఇందులో వెయ్యిసార్లు రాసి, అమ్మ పుట్టినరోజు నాటికి తిరిగి ఇవ్వాలి. ఇరవై ఎనిమిదిసార్లు రాశాను. ఇవాళ ఇది రాస్తున్నాను. క్షమించు తల్లీ.

మంగళ, శుక్రవారాలు మా ఆయన చేతి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్తారు. తొమ్మిదింటి బస్సుకి వెళ్తే పన్నెండున్నరకి వస్తారు. ఆ మూడున్నర గంటలూ నావి. ఆ వారం ఆయన పడవ ఇంజన్ కాయిల్ ఏదైనా చుట్టి ఉంటే, దాన్ని విప్పి, మళ్ళీ చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఎక్కడున్నది అక్కడే పెడతాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ, అంటే ఎనిమిది నెలలుగా, ఇదే పని.

ఇందులో మోసం ఏమీ లేదు. ఆయన చుట్టు వంకరగా ఉంటుంది. తీగ మీద తీగ ఎక్కుతుంది. వెంట్రుకంత తీగ, పన్నెండు వేల చుట్లు, వరసకీ వరసకీ మధ్య ఒక పలచటి కాగితం. ఆ కాగితం ఎక్కడైనా తప్పుకుంటే నిప్పురవ్వ ప్లగ్గు దాకా పోకుండా కాయిల్‌లోనే దూకేస్తుంది. మా దగ్గరికి వచ్చేవన్నీ పాత ఇంజన్లు, ఆల్చిప్పలు తెచ్చే తెప్పలవి. కొత్త కాయిల్స్ ఇప్పుడు ఎక్కడా దొరకవు. సముద్రంలో ఇంజన్ ఆగితే బండిలా దారి పక్కకి తోసుకుని నిలబడడానికి ఉండదు కదా.

మధ్యాహ్నం వచ్చి ఆయన కాయిల్ చేతిలోకి తీసుకున్నారు. కిటికీ దగ్గర పట్టుకుని చూశారు.

"చూశావా లువాన్! పోయిన నెల కంటే తిన్నగా వచ్చింది. ఆ వ్యాయామాల పిల్ల చెప్పింది నిజమే."

"అవునండీ" అన్నాను.

ఏప్రిల్ 7

ఉపవాసం లేదు, అయినా చేప ముట్టలేదు.

ఏప్రిల్ 10, శుక్రవారం

ఇవాళ ఊపిరి సలపలేదు. పదింటికల్లా గుడిలో ఉండాలి, మంగళవారం పల్లకి ఊరేగింపు. అమ్మకి నైవేద్యంగా ఎర్రపిండి తాబేళ్ళు నూట ఎనిమిది చేయాలి, నా వంతు నలభై. ఇక్కడేమో జుయ్‌గ్వాన్ అన్న కాయిల్ బల్ల మీద ఉంది. ఆదివారం తీసుకెళ్తానన్నాడు. ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు.

తీగ చుట్టే మిషన్ బల్ల మధ్యలో ఉంటుంది. ఆయనకి కుడి చెయ్యి పోయాక కిటికీ వైపు కూర్చుని ఎడమ చేత్తో పిడిని తనవైపుకి తిప్పుతారు. నేను గోడ వైపు, నా పాత ముక్కాలి పీట మీద. పదహారేళ్ళప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో నేర్పించినట్టే, పిడి గుండె వైపుకి.

టైము లేక పైచుట్టు ఒక్కటే విప్పి మళ్ళీ చుట్టాను. అది లావు తీగ, తప్పు కంటికి తెలిసిపోతుంది. రెండు వందల పదహారు చుట్లు, రెండు జపమాలలు. మా పెళ్ళైన కొత్తలో రెండు వందల ఇరవై ఉండేది. నేను జపం చేస్తూ లెక్కపెడతానని ఆయనే తగ్గించారు. "నాలుగు చుట్లు పోతే ఇంజనుకి తెలీదులే. మన కాయిల్స్ పెట్రోలు మీద కాదు, అమ్మ పేరు మీద నడుస్తాయి" అని అందరికీ చెప్పేవారు.

లోపలి సన్నచుట్టు ముట్టుకోలేదు. బాగానే ఉన్నట్టు అనిపించింది.

ఏప్రిల్ 12

జుయ్‌గ్వాన్ అన్న వచ్చి తీసుకెళ్ళాడు. వాకిట్లోనే ఇంజన్‌కి బిగించి తాడు లాగాడు. రెండో లాగుకి అందుకుంది.

"ఒంటిచేతి వస్తాదూ! నువ్వు రెండు చేతులతో చుట్టినప్పుడు నాలుగుసార్లు లాగాల్సి వచ్చేది" అన్నాడు.

ఆయన నవ్వారు. ఎన్నాళ్ళకో నోరంతా తెరిచి నవ్వారు.

నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 14

ఊరేగింపు. పల్లకి మా వాకిలి ముందు మూడుసార్లు ఊగింది. అమ్మ దీవెన కోసం రోడ్డు మీద బోర్లా పడుకుంటే పల్లకి నా మీదుగా వెళ్ళింది. టపాకాయల పొగ. ఆయన చెయ్యి గురించే అడిగాను.

ఏప్రిల్ 16

జుయ్‌గ్వాన్ అన్న తెప్ప ఆగిపోయింది.

ఏప్రిల్ 17

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. పొద్దున ఆల్చిప్పలు పెంచే పందిళ్ళ దగ్గరికి వెళ్ళి, తెప్ప నిండా వాటిని ఎత్తుకుని, ఎదురుగాలిలో వస్తుంటే ఇంజన్ దగ్గి దగ్గి ఆగిందట. మళ్ళీ లాగితే అందుకోవడం, బరువు పడగానే ఆగిపోవడం. పోటు తీసి సముద్రం వెనక్కి లాగుతోంది. తెప్ప వెళ్ళి అలలని ఆపే గోడ బండలకి కొట్టుకుంది. కాలు అడ్డం పెట్టి ఆపబోయాడు. చీలమండ దగ్గర రెండు చోట్ల విరిగింది. గస్తీ పడవ వాళ్ళు చూశారు కాబట్టి బతికాడు.

బతికాడు. బతికాడు. అమ్మ చల్లగా చూసింది.

పెట్రోల్లో నీళ్ళు కలిసి ఉంటాయి. ఈ మధ్య అందరూ అదే అంటున్నారు.

ఏప్రిల్ 19

ఇవాళ అమ్మ పుట్టినరోజు. పుస్తకం తిరిగి ఇవ్వలేదు. ఇంకా పూర్తి కాలేదని చెప్పాను.

సాయంత్రం పోచూ వదిన వచ్చింది, జుయ్‌గ్వాన్ అన్న భార్య. చేపలు కట్టే సంచిలో కాయిల్ తెచ్చి బల్ల మీద పడేసింది. నేను కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏం తియెన్‌లాయ్! గిన్నె పట్టుకుంటే గంజి ఒలికిపోతుంది నీకు. ఆ చేత్తో మా ఇంటాయన ప్రాణం చుట్టావా?"

"వదినా..." అన్నాను.

"నువ్వు మాట్లాడకు. నీ గొంతు నీకే వినిపించదు. గుళ్ళో తాబేళ్ళు చేసుకో." మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "ప్లగ్గు కొత్తది. పెట్రోలు పొద్దునే పోయించాడు, అదే డబ్బాలోది ముగ్గురు పోయించుకున్నారు, వాళ్ళ తెప్పలు ఆగలేదు. ఇంకేం మిగిలింది చెప్పు?"

ఆయన ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, పరాయివాళ్ళ వస్తువు పట్టుకున్నట్టు. ఆమె వెళ్ళాక కాయిల్‌ని సొరుగులో పెట్టి మూశారు.

ఏప్రిల్ 21, మంగళవారం

తొమ్మిదింటి బస్సుకి వెళ్ళలేదు.

"ఆలస్యమవుతోందండీ."

"చెయ్యి బాగుపడి ఎవరిని ఉద్ధరించాలి?"

ఏప్రిల్ 22

పాత సామాన్ల హువాట్‌కి ఫోన్ చేశారు. మిషను, తీగ చుట్టలు, వార్నిష్ పొయ్యి, అన్నీ తీసుకుపొమ్మన్నారు. మే అయిదున బండి తెస్తాడట.

ముప్పై ఏళ్ళ మిషను.

ఏప్రిల్ 24, శుక్రవారం

బస్సుకి వెళ్ళకపోయినా క్షవరానికి వెళ్ళారు. సొరుగు తీశాను. కాయిల్‌ని బ్యాటరీకి కలిపి, తీగ కొనని ఇనుముకి దగ్గరగా పెట్టి, కరెంటు తెంచే పాయింట్లు తెరిచాను. టప్‌మని నిప్పురవ్వ వచ్చింది. మళ్ళీ, మళ్ళీ. ఇరవైసార్లు.

కాయిల్ బాగానే ఉంది! పెట్రోలే కారణం, లేకపోతే ఉప్పుగాలి. ఇది ఆయనకి చెప్పాలి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలీదు.

ఏప్రిల్ 25

పెన్సిల్ పరీక్ష చేయలేదు. రవ్వ వచ్చింది కదా, ఇంకా అదెందుకు.

ఏప్రిల్ 26

గుడికి వెళ్ళాను. అమ్మని ప్రశ్న అడిగే చంద్రవంక చెక్కలు రెండూ చేతుల మధ్య పట్టుకుని అడిగాను: "తల్లీ, మౌనంగా ఉండడం మంచిదేనా?" వేశాను. రెండూ చదును వైపు పైకి పడ్డాయి, అంటే అమ్మ జవాబివ్వకుండా నవ్వింది. మళ్ళీ వేశాను, నవ్వింది. మూడోసారీ నవ్వింది.

ప్రశ్న సరిగ్గా అడగలేదనుకుని మార్చాను. "భర్త మనసు నొప్పించకుండా ఉండడం మంచిదే కదా?" ఒకటి చదును, ఒకటి గుండ్రం. ఔనంది. వరసగా మూడుసార్లు ఔనంటేనే లెక్క. ఒక్కసారికే దండం పెట్టి వచ్చేశాను. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి.

ఏప్రిల్ 28, మంగళవారం

చేశాను.

తీగ కొనకీ ప్లగ్గుకీ మధ్య పెన్సిల్ ముల్లు పెట్టాలి. రవ్వ ముల్లు మీదుగా దూకుతుంది. పసుపు మెరుపు ప్లగ్గు వైపు కనిపిస్తే కాయిల్ సరైనది. తీగ వైపు కనిపిస్తే కరెంటు తలకిందులుగా పోతున్నట్టు. అలాంటి కాయిల్ కూడా రవ్వ ఇస్తుంది. ఇంజన్ అందుకుంటుంది, వాకిట్లో బాగానే తిరుగుతుంది. కానీ ప్లగ్గులో దూకడానికి దానికి ఇంకా చాలా బలం కావాలి. బరువు పడినప్పుడు, గాలి ఎదురైనప్పుడు ఆ బలం చాలదు.

తీగ వైపు మెరిసింది.

పదిసార్లు చూశాను. పెన్సిల్ మళ్ళీ చెక్కి చూశాను. తీగ వైపే.

ఏప్రిల్ 29

రాయాలి. ఇక్కడైనా రాయాలి.

కాయిల్‌లో రెండు చుట్లు. ఒకటి సన్నది, పన్నెండు వేలు. ఒకటి లావుది, రెండు వందల పదహారు. ఒకదాంట్లో కరెంటు మారితే రెండోదాంట్లో వోల్టు పుడుతుంది, చుట్లు ఎన్ని రెట్లు ఉంటే అన్ని రెట్లు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇంతే. కానీ ఏ చుట్టు ఎటు తిరిగిందన్నది ముఖ్యం. రెండూ ఇటువైపు తిరగాలి. లేదా రెండూ అటువైపు తిరగాలి. ఒకటి ఇటూ ఒకటి అటూ అయితే తలకిందులు.

ఆయన కిటికీ వైపు నుంచి పిడి తనవైపుకి తిప్పుతారు. నేను గోడ వైపు నుంచి నావైపుకి. ఎదురెదురు. ఇన్నాళ్ళూ రెండు చుట్లూ విప్పి రెండూ నేనే చుట్టాను కాబట్టి రెండూ నావైపే తిరిగాయి, ఏ తేడా రాలేదు. ఆ రోజు పైది మాత్రమే చుట్టాను. లోపల ఆయన చుట్టు, పైన నాది.

ఆయన కాయిల్ ఆయన చుట్టినట్టే వదిలేసి ఉంటే జుయ్‌గ్వాన్ అన్న కాలు విరిగేది కాదు.

తాబేళ్ళ కోసం తొందరపడ్డాను. కాదు. తొందర ఒక్కటే కాదు.

ఏప్రిల్ 30

చెప్తే, తప్పు తన చేతిది కాదని ఆయనకి తెలుస్తుంది. కానీ ఎనిమిది నెలలుగా ఆయన చుట్టినదేదీ ఈ గుమ్మం దాటలేదనీ తెలుస్తుంది. "చూశావా లువాన్, తిన్నగా వచ్చింది" అని కిటికీ దగ్గర పట్టుకు చూసుకున్నవన్నీ నావేనని.

చెప్పకపోతే అయిదున బండి వస్తుంది.

మే 1

చేప జావ చేశాను. ఇద్దరం తినలేదు.

మే 3

మా పెళ్ళి కుదరకముందు ఒకసారి ఆయన ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చారు, మా లైనులో పాడైన ట్రాన్స్‌ఫార్మర్లు కొనడానికి. ఒకదాని రెండు తీగలు నా చేతికిచ్చి, "గట్టిగా పట్టుకో" అని, రెండో వైపు ఒక చిన్న బ్యాటరీ కలిపారు. ఏమీ కాలేదు. "ఏమైనా తెలుస్తోందా?" అన్నారు. లేదన్నాను. "ఇప్పుడు?" లేదు. అప్పుడు బ్యాటరీ తీసేశారు. ఒక్క షాక్! కెవ్వుమన్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"కలిపి ఉంచినంతసేపూ నిద్రపోతుంది. తీసినప్పుడే లేస్తుంది" అన్నారు నవ్వుతూ. మా అమ్మతో చెప్తే, అలాంటివాణ్ణి చేసుకుంటావా అంది.

సొరుగులో వెనక ఆయన పదహారో తారీఖు పొద్దున చుట్టిన కాయిల్ ఒకటి ఉంది. కబురు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, నేను కూడా. వంకరగా, గువ్వ గూడులా ఉంది. వార్నిష్‌లో ముంచి ఆరబెట్టాను. మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు బ్యాటరీకి కలిపాను.

లావుగా, నీలంగా రవ్వ. పెన్సిల్ పెట్టాను. ప్లగ్గు వైపు మెరిసింది.

ఎనిమిది నెలల్లో ఒక్కటైనా విప్పేముందు పరీక్షించానా? లేదు. కంటికి వంకరగా కనిపిస్తే చాలు అనుకున్నాను.

మే 4

చెప్పాను.

పొద్దున గంజి తాగాక, రెండు కాయిల్స్, బ్యాటరీ, పెన్సిల్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. మొదట జుయ్‌గ్వాన్ అన్న కాయిల్ కలిపాను. ఆయన వద్దన్నట్టు మొహం తిప్పుకున్నారు. "ఒక్కసారి చూడండి" అన్నాను. చూశారు. తీగ వైపు మెరుపు. కనుబొమలు ముడిపడ్డాయి. రెండోది కలిపాను. ప్లగ్గు వైపు.

"రెండూ నేనే చుట్టాను కదా. అదెలా?" అన్నారు.

"ఇది మీరు చుట్టారు. అందులో పైచుట్టు నాది."

కాసేపు కాయిల్‌ని తిప్పి తిప్పి చూశారు. గోరుతో పైవరస గీకారు. ఎంత నున్నగా ఉందో అప్పుడు కనిపించింది ఆయనకి.

"ఇదొక్కటేనా?"

"కాదండీ."

"ఎన్ని?"

"పంతొమ్మిది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిదాని నుంచీ."

గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ అడిగారు: "విప్పేముందు పరీక్షించావా?"

"లేదు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. లేచి ఎడమ చేత్తో తలుపు తీసుకుని వెళ్ళి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఎండ మీద పడినా కదల్లేదు. టోపీ తీసుకెళ్ళి ఇస్తే తీసుకున్నారు, పెట్టుకోలేదు.

మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే జుయ్‌గ్వాన్ అన్న ఇంటికి వెళ్ళాను. కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. పోచూ వదిన కత్తితో ఆల్చిప్పలు ఒలుస్తోంది. అంతా చెప్పాను. ఆమె కత్తి ఆగిపోయింది.

"ఏంటి? గట్టిగా చెప్పు!"

మళ్ళీ మొదటి నుంచీ, గట్టిగా చెప్పాను. జీవితంలో అంత గట్టిగా మాట్లాడిన గుర్తు లేదు. పక్కింటివాళ్ళు కూడా వినే ఉంటారు.

"అయితే నేను తియెన్‌లాయ్‌ని ఊరికే అన్నానా? ఆ మాటలన్నీ ఇప్పుడు వెనక్కెలా తీసుకోను? నువ్వేమో పల్లకి కింద పడుకుని దణ్ణాలు! అమ్మ నీ వీపు మీద తొక్కి ఉంటే బాగుండేది" అంది వదిన.

"నిజమే వదినా."

"నిజమే అంటుంది చూడు! దీనితో పోట్లాడ్డం కూడా కుదరదు."

జుయ్‌గ్వాన్ అన్న టీవీ ఆపాడు. చాలాసేపు తన కాలి వేళ్ళు కదుపుతూ చూసుకున్నాడు.

"మూడు నెలలు నేను తెప్ప ఎక్కలేను. నా పందిళ్ళు మా బావమరిది చూసుకోవాలి. వాడు మహా బద్ధకస్తుడు. అదంతా నీ వల్లే. మర్చిపోను" అన్నాడు.

తల దించుకున్నాను.

"నా ఇంజన్‌కి కాయిల్ కావాలి. తియెన్‌లాయ్ చుట్టాలి. లోపలా, పైనా, వాడే. నీ వేలు దాని మీద పడిందని తెలిసిందో, కుంటుకుంటూ వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటా."

ఇంటికి వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పాను. ఆయన అప్పటికి టోపీ పెట్టుకుని ఉన్నారు.

మే 5

హువాట్ బండి పదింటికి వచ్చింది. ఆయన వాకిట్లోనే ఉన్నారు.

"ఎక్కడున్నాయి అన్నా సామాన్లు?"

"ఏ సామాన్లు?"

"మిషన్ తీసుకుపొమ్మన్నావు కదా!"

"విరిగిన ముక్కాలి పీట ఒకటుంది. అది తీసుకుపో."

గోడ వైపుది. నా పీట. విరగలేదు. హువాట్ దాన్ని బండిలో వేసుకుని సణుక్కుంటూ పోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. అడగడానికి నాకేం హక్కు ఉంది?

మే 6

ఆయన నాతో మాట్లాడడం లేదు. గిన్నె చాపితే అన్నం పెడుతున్నాను.

మే 7

పొద్దున తనే మిషన్ ముందు కూర్చున్నారు. కిటికీ వైపు, పక్కన ఇంకో కుర్చీ వేశారు. కుర్చీ వైపు గడ్డంతో చూపించారు. కూర్చున్నాను. కాగితం ముక్కలు నా ముందుకు తోశారు. వరస పూర్తయినప్పుడల్లా కాగితం చుట్టడానికి రెండో చెయ్యి ఉంటే తేలిక.

"తీగ ముట్టుకోకు."

మూడు రోజుల్లో మొదటి మాట.

చుట్టు వంకరపోతోంది. నా వేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. తీగ మీద తీగ ఎక్కినప్పుడు ఆయనే ఆగి, వెనక్కి రెండు చుట్లు విప్పి, మళ్ళీ తిప్పుతున్నారు. ఇన్నాళ్ళూ ఇలాగే చేసేవారన్నమాట. నేను ఎప్పుడూ పక్కన కూర్చుని చూడలేదు.

మధ్యాహ్నానికి సన్నచుట్టు అయింది. లావు తీగ ఎక్కించి, పిడి పట్టుకుని ఆగారు.

"నువ్వు ఎటు తిప్పుతావు?"

గాలిలో చూపించాను.

"ముప్పై ఏళ్ళు ఒకే మిషన్ మీద చుట్టాం. నీ చెయ్యి ఎటు తిరుగుతుందో నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. నాతో కాదు, మిషన్‌తో అన్నట్టు.

ఎర్ర రంగు సీసా తెప్పించుకుని, మిషన్ చక్రం మీద బాణం గుర్తు గీశారు. కుడి చేత్తో గీశారు, ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని. బాణం పాములా వచ్చింది. ఆయన దానికేసి చూసి, "అర్థమవుతోందా?" అన్నారు.

"అవుతోందండీ."

"జపమాల తీసుకురా. లెక్క తప్పుతాను."

రెండు మాలలు. నేను లెక్కపెట్టాను, ఆయన తిప్పారు.

మే 8, శుక్రవారం

ఆయన తొమ్మిదింటి బస్సుకి వెళ్ళారు.

జుయ్‌గ్వాన్ అన్న కాయిల్ బల్ల మీద ఉంది. ఒక పక్కకి ఒరిగి, గువ్వ గూడులా ఉంది. బ్యాటరీకి కలిపి, పెన్సిల్ పెట్టి చూశాను. ప్లగ్గు వైపే. వార్నిష్‌లో ముంచి, ఆరబెట్టాను.

ఆయన రావడానికి ఇంకా మూడు గంటలుంది. బియ్యం కడిగాను. ఈ పుస్తకం మొదటి పేజీ తీసి, ఇరవై తొమ్మిదోసారి అమ్మ పేరు రాశాను.